లోపల వదిలిన రెండంగుళాలు

టైలరు మాస్టారికి ఒక జబ్బుంది. ఏ గుడ్డ కత్తిరించినా లోపల మడతకి రెండంగుళాలు వదిలితేగానీ ఆయన మనసు ఊరుకోదు. "మనిషన్నాక లావెక్కుతాడు, పిల్లలన్నాక ఎదుగుతారు" అంటాడు. ఆ మడతే వీధిలో ఆయన పేరు నిలబెట్టింది. బట్టల దగ్గరే ఆగితే ఏ గొడవా ఉండేది కాదు.

ఆయన అత్తగారికి మోకాలి ఆపరేషనయింది. ఆస్పత్రి నుంచి తిన్నగా కూతురింటికే రావాలి. కానీ ఇక్కడున్నది గొంతుక్కూర్చునే పాత టాయిలెట్.

"దానిక్కూడా నన్నెవరో ఒకరు పట్టుకు లేపాలంటే నేను రాను. ఆయాలుండే హోముకే పోతాను" అని ఆవిడ తేల్చేసింది. అన్న మాట మీద నిలబడే మనిషి. కూతురు కళ్ళు తుడుచుకుంది.

"నేనుండగా హోమేమిటి? కమోడ్ పెట్టిస్తాను" అన్నాడు మాస్టారు. తనని ఆటపట్టించకుండా పూట గడవని ఆ అత్తగారంటే ఆయనకి ప్రాణం. ఆ సంగతి ఆవిడకి తెలియకుండా దాచుకోవడానికే సగం జీవితం సరిపోయింది.

మెడలో టేపు వేసుకుని కొట్టుకెళ్ళి కమోడ్‌ని స్వయంగా కొలిచాడు. గోడకి ఎంత దూరంలో గొట్టం పెట్టాలని ప్లంబరు అడిగితే లెక్క చెప్పాడు. నోరు ఊరుకుందా? అలవాటు కొద్దీ రెండంగుళాలు కలిపే చెప్పింది.

ప్లంబరు పాతది పగలగొట్టాడు, గొట్టం దించాడు, సిమెంటు వేశాడు. అది గట్టిపడ్డాక, అత్తగారు వచ్చే రోజు పొద్దున్న కమోడ్ బిగించాడు. పాలలా మెరిసిపోతోంది. మాస్టారు మురిసిపోతూ తలుపు వేయబోయాడు. లోపలికి తెరుచుకునే ఆ తలుపు కమోడ్ మూతికి ఠక్కున తగిలి ఆగిపోయింది.

"వెనకాల ఈ సందేమిటి మాస్టారూ? కొలత మీరిచ్చిందే కదా!" అన్నాడు ప్లంబరు.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "మడతకి వదిలాను."

"ఎదిగే వయసా దీనిది?"

మాస్టారి భార్య తల పట్టుకుంది. "ఏమండీ, అమ్మ బయల్దేరిపోయిందండీ. తలుపు పడని చోటికి ఆవిడ అడుగైనా పెడుతుందా?"

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? మళ్ళీ తవ్వాలంటే రోజులు పడతాయి. తలుపు బయటికి తిప్పడానికి వడ్రంగి రేపటిదాకా రాడు. మాస్టారికి నిజంగానే భయమేసింది. గబగబా తలుపు ఊడదీయించి, తన కోటు కోసం దాచుకున్న మందపాటి గుడ్డ బయటికి తీశాడు. మిషను మీద కూర్చుని మళ్ళీ తల ఎత్తలేదు.

వాకర్ పట్టుకుని వచ్చిన అత్తగారు తలుపు స్థానంలో వేలాడుతున్న కొత్త తెరని ఎగాదిగా చూసింది. లోపలికెళ్ళి తెర లాగేసుకుంది. ఇంట్లో అందరూ చెవులు రిక్కించారు.

"అల్లుడుగారూ!" లోపల్నుంచి కేక.

"అత్తయ్యా!"

"ఈ తెర పొట్టయింది. నా కాళ్ళు ఊరందరికీ చూపించాలా?"

"లోపల మడత ఉందత్తయ్యా! విప్పి దించుతాను!" అన్నాడు మాస్టారు. ఆ మాట ఇంత ఆనందంగా ఏ కస్టమరుకీ చెప్పలేదు.

నీళ్ళ చప్పుడయింది. తెర జరిగింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆవిడ తన కాళ్ళ మీద తను బయటికొచ్చింది. అప్పటికే మాస్టారు నేలమీద చతికిలబడి, తెర అంచు ఒళ్ళో వేసుకుని కుట్లు విప్పుతున్నాడు. కళ్ళు తడయ్యాయి, కుట్టు కనిపించడం లేదు.

ఆవిడ వాకర్ ఆయన వైపు తిప్పింది.

"కమోడ్ వెనకాల కూడా మీ మడత కనిపించిందిలెండి. దాన్ని మాత్రం ఇప్పుడే విప్పకండి. ముందు ఇక్కడుండి నేను కాస్త లావెక్కాలిగా."