స్వయంగా చదివాను

మేయరు మురుగుకాలువల ఇంజనీరుకు పదికి నాలుగు మార్కులు వేశాడు. గొడవంతా అక్కడే మొదలైంది.

నవ్వకండి, నిజంగానే వేశాడు. ఇంజనీరు పంపిన నివేదికకు మేయరు ఈమెయిల్ నుంచి వెళ్ళిన జవాబు ఇదీ: "కాలువ ఎందుకు పొంగిందని అడిగితే కాలువ పొడవెంతో రాశారు. అడిగినదానికి జవాబు లేదు. పదికి నాలుగు. మళ్ళీ రాసుకుని రండి." ఇంజనీరు రెండు రోజులు ఆ అవమానాన్ని దిగమింగుకున్నాడు. మూడో రోజు ఉండబట్టలేక స్నేహితుడికి చూపించాడు. అతను ఇంకొకరికి చూపించాడు. అలా చేతులు మారి మారి అది ప్రతిపక్ష నాయకురాలి దగ్గరికి చేరింది. ఆవిడకు బజారులో మందుల దుకాణం ఉంది. ఆవిడ ముందు కడుపుబ్బ నవ్వింది, తరువాత ఆలోచనలో పడింది. మూడేళ్ళలో ఒక్క నివేదికనూ రెండో పేజీ దాటి చదవని మనిషి, మార్కులు వేసేంత శ్రద్ధగా ఎప్పుడు చదివాడు?

ఆవిడ అనుమానం నిజమే. మార్కులు వేసింది మేయరు కాదు, మేయరు అక్క.

ఆమెను అందరూ పంతులమ్మ అనేవారు. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరై, తమ్ముడి ఇంటికి వచ్చి ఉంటోంది. ఉద్యోగం చేసింది వేరే ఊళ్ళో కాబట్టి సరిపోయింది గానీ, ఈ ఊళ్ళోనే చేసి ఉంటే ఆ నాలుగు మార్కులు చూడగానే సగం మంది అది ఆమె పనేనని గుర్తుపట్టేసేవారు.

ఎన్నికలప్పుడు తమ్ముడు వేదికెక్కి, "మీ కష్టం ఏదైనా నాకు రాయండి, నేను స్వయంగా చదువుతాను" అని తన సొంత ఈమెయిల్ అడ్రసు గోడల నిండా రాయించాడు. జనం నమ్మి ఓట్లు వేశారు. ఓట్లతో ఊరుకోక, రాయడం కూడా మొదలుపెట్టారు. మొదటి వారం పదహారు వచ్చాయి. రెండో నెలకల్లా వారానికి నలభై. పొద్దున్నే తమ్ముడు అద్దం ముందు గడ్డం గీసుకుంటుంటే పంతులమ్మ వంటింటి బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని గట్టిగా చదివేది. ఈమెయిళ్ళను ఆమె ఉత్తరాలనే అనేది. అతను నురగ మొహంతో "ఊ" అనేవాడు. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ ఊకొట్టడం కూడా మానేశాడు. "నువ్వే చూసుకో అక్కా, నాకంటే నీకే బాగా తెలుసు" అని చేతులు దులుపుకున్నాడు.

ఆమె చూసుకుంది. ప్రతి ఉత్తరం రెండుసార్లు చదివేది. ప్రతి జవాబు చివరా, మేయరు ఇచ్చిన మాట పోకూడదని, "మీ ఉత్తరం స్వయంగా చదివాను" అని రాసేది. అందులో తప్పుందని ఆమెకు ఏనాడూ తోచలేదు. ఎవరో ఒకరు చదివారు కదా. జనానికి కావలసింది అదే కదా. ఇంజనీరు విషయంలో మాత్రం పాత అలవాటు కొద్దీ చెయ్యి జారింది. అడిగిన ప్రశ్న వదిలేసి తెలిసిన జవాబు రాసేవాళ్ళంటే ఆమెకు మొదటినుంచీ ఒళ్ళు మంట.

ప్రతిపక్ష నాయకురాలు తన అనుమానం నలుగురిలో అనేసరికి, ఇక ఊళ్ళో ఎక్కడ చూసినా ఇదే రచ్చ. క్షౌరశాలలో కుర్చీలో కూర్చున్నవాడు, "ఎవరు చదివితే ఏంటి, మా వీధి దీపం వెలిగింది, నాకంతే" అనేవాడు. కత్తెర పట్టుకున్నవాడు, "నీ వీధి దీపం సరేనయ్యా, నేను మా ఇంటి గొడవ రాశాను. అది ఎవరి కంట పడిందో నాకు తెలియొద్దూ?" అనేవాడు. ఇద్దరి మాటా సబబుగానే ఉండేది. అందుకే ఆ వాదం ఎంతకీ తెగలేదు. చివరికి ఆదివారం సాయంత్రం నాలుగింటికి పురపాలక హాల్లో బహిరంగ చర్చ పెట్టారు.

ఆ ఆదివారం పొద్దున వంటింట్లోకి మేయరు సలహాదారు వచ్చాడు. అతని చొక్కా ఎంత ఎండలో తిరిగినా నలగదని పంతులమ్మ అతనికి ఇస్త్రీ అని పేరు పెట్టింది. మొహం మీద మాత్రం ఎప్పుడూ అనలేదు.

"చాలా సులువు సార్," అన్నాడు ఇస్త్రీ. "జవాబులన్నీ కంప్యూటరు తనంతట తనే రాసిందని చెప్పండి. ఈ రోజుల్లో అన్నీ అవే రాస్తున్నాయిగా. పదికి నాలుగు కూడా అదే వేసింది. పొరపాటు యంత్రానిది. యంత్రాన్ని ఎవరూ రాజీనామా అడగరు."

తమ్ముడు అక్క మొహం చూడకుండా తలూపాడు.

"మరి జనం రాసినవి ఎవరు చదివినట్టు?" అంది పంతులమ్మ.

"ఎవరూ చదవలేదండీ. అదే కదా మనకి కావలసింది. ఎవరూ చదవకపోతే ఎవరి గుట్టూ బయటపడలేదు."

"నాలుగు వేల మంది రాశారు బాబూ. వాళ్ళ గోడు ఎవరూ వినలేదని ఊరంతటికీ చాటుతామా?"

"అక్కా," అన్నాడు తమ్ముడు మెల్లగా. "నువ్వు చదివావని తెలిస్తే నీ మీద విచారణ వేస్తారు. పదవి లేని మనిషివి, ఆఫీసు కాగితాలు తెరిచావు, నా పేరు మీద ఉత్తర్వులు ఇచ్చావు. ఈ వయసులో నిన్ను కోర్టు మెట్లెక్కించలేను. నీ కోసమే చెబుతున్నా, ఇవాళ నోరు విప్పకు. నాకు మాటివ్వు."

అబద్ధమైతే ఆమె కోప్పడేది. కానీ అందులో సగం ప్రేమ ఉంది. సగం కుర్చీ మీద భయం కూడా ఉందనుకోండి, కానీ తమ్ముడు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఆ సగాలు విడదీసి చూడటం ఆమెకు ఏనాడూ చేతకాలేదు. సరేనంది. అన్నది గానీ, పొయ్యి మీద పాలు పొంగిపోయేదాకా అక్కడే నిలబడిపోయింది.

ఆమెకు గుర్తొస్తున్నది ఒకే ఒక్క ఉత్తరం. ఏడో నంబరు బస్సు డ్రైవరు రాసింది. ఆరు వాక్యాలు. "మా ఆవిడ రోజూ సాయంత్రం పాత పోస్టాఫీసు స్టాపులో బల్ల మీద కూర్చుని, నా డ్యూటీ అయ్యేదాకా ఎదురుచూసేది. ఇప్పుడు లేదు. రోడ్డు వెడల్పు కోసం ఆ బల్ల తీసేస్తున్నారని విన్నాను. ఆపమని అడగడం లేదు. ఏ రోజు తీస్తారో చెబితే ముందు రోజు వెళ్ళి ఒకసారి కూర్చుంటాను. నాకు గురువారం సెలవు."

పని గురువారం పొద్దున్నే పెట్టుకున్నారు. పంతులమ్మ ఫోను తీసి, మేయరుగారి ఆజ్ఞ అని చెప్పి, దాన్ని శుక్రవారానికి మార్పించింది. తమ్ముడికి చెప్పలేదు, చెప్పినా అతనికి ఎక్కేది కాదు. తరువాత జవాబు రాసింది: "బల్ల శుక్రవారం ఉదయం తీస్తారు. గురువారమంతా మీదే. ఈ వానలకు తడిసి ఉంటుంది, తువ్వాలు పట్టుకెళ్ళండి. మీ ఉత్తరం స్వయంగా చదివాను."

సాయంత్రానికి హాలు కిటకిటలాడిపోయింది. పంతులమ్మ చివరి వరుసలో కూర్చుంది. ప్రతిపక్ష నాయకురాలు అరవలేదు, బల్ల గుద్దలేదు. దుకాణంలో మందు ఎలా వేసుకోవాలో చెప్పినంత నెమ్మదిగా అడిగింది.

"మేయరుగారూ, మీ ఈమెయిల్ ఎవరు చదువుతారు?"

తమ్ముడు ఇస్త్రీ నేర్పిన పాఠం అప్పజెప్పాడు. కంప్యూటరే అన్నాడు, తనంతట తనే అన్నాడు, పొరపాటుకు చింతిస్తున్నానన్నాడు. చిన్నప్పుడు పద్యం అప్పజెప్పినట్టే, మధ్యలో ఒకచోట ఆగి మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు.

హాల్లో గుసగుసలు లేచాయి. ముందు వరుసలో ఒకావిడ నిలబడింది. "కంప్యూటరైతే నాకేం బాధ లేదండీ. మా అబ్బాయి తాగుడు గురించి రాసుకున్నాను. మనిషెవరూ చదవలేదంటే నాకు గుండెల మీంచి బరువు దిగినట్టుంది," అని కూర్చుంది.

పంతులమ్మ ఆ ఉత్తరం కూడా రెండుసార్లు చదివింది. ఆమెకు సిగ్గుతో తల వంగిపోయింది. మూడేళ్ళలో మొదటిసారి, తాను పరాయి ఇళ్ళలోకి అడగకుండా వెళ్ళానని అర్థమైంది. తమ్ముడు చెప్పింది నిజమే, నోరు మూసుకుంటేనే అందరికీ మంచిదనుకుంది.

అప్పుడు డ్రైవరు లేచాడు. యూనిఫారంలోనే ఉన్నాడు. మైకు ఇవ్వబోతే వద్దన్నాడు.

"నేను బల్ల గురించి రాశానండి. జవాబొచ్చింది. అది కూడా కంప్యూటరే రాసిందా?"

ఇస్త్రీ పక్కనుంచి సైగ చేశాడు. "అవునండీ," అన్నాడు మేయరు. "అన్నీ అదే రాసింది."

"అంటే ఎవరూ చదవలేదు."

"చదవలేదండీ."

"సరేనండి," అన్నాడు డ్రైవరు. కానీ కూర్చోలేదు. కూర్చోవాలన్న సంగతే మర్చిపోయినట్టు, చేతిలో టోపీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

పంతులమ్మ లేచింది. ఇచ్చిన మాట గుర్తుంది, ముందు వరుసలో ఆవిడ గుర్తుంది. అయినా ఆ మనిషి అలా నిలబడి ఉంటే చూస్తూ కూర్చోవడం ఆమె వల్ల కాలేదు.

"అక్కా, కూర్చో," అన్నాడు మేయరు. మైకు కట్టేయలేదని అతనికి గుర్తులేదు. హాలంతా వెనక్కి తిరిగింది.

"నేను చదివాను బాబూ," అంది పంతులమ్మ డ్రైవరుతో. "మీరు రాసింది ఆరు వాక్యాలు. ఆపమని అడగలేదు, రోజు చెప్పమన్నారు. తువ్వాలు పట్టుకెళ్ళమని రాసింది నేనే."

"ఎవరి అధికారంతో రాశారు?" అని అడిగింది ప్రతిపక్ష నాయకురాలు. ఆవిడ గొంతులో గెలుపు లేదు, ఆశ్చర్యమే ఉంది.

"ఎవరి అధికారమూ లేదమ్మా. పని శుక్రవారానికి మార్పించింది నేనే. మా తమ్ముడికి ఆ బల్ల సంగతే తెలియదు. ఇంజనీరుగారికి మార్కులు వేసిందీ నేనే. మిగతా అందరివీ చదివాను. చదవకూడనివి కూడా చదివాను. వాళ్ళకి నేను క్షమాపణ చెప్పుకోవాలి."

ముందు వరుసలో ఆవిడ ఒకసారి చూసి మొహం తిప్పేసుకుంది. డ్రైవరు టోపీ పెట్టుకుని, వరుసల మధ్యనుంచి నడిచి, తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. తాను నోరు తెరిచిందే అతని కోసం. అతను అలా వెళ్ళిపోతుంటే పంతులమ్మ ప్రాణం ఉసూరుమంది.

తరువాతి వారం అవిశ్వాస తీర్మానం పెట్టారు. మూడు ఓట్ల తేడాతో తమ్ముడి పదవి ఊడింది. మందుల దుకాణం ఆవిడ మేయరైంది. ఆఫీసు ఈమెయిల్‌కు వచ్చినవి ఇద్దరు గుమాస్తాలు చదవాలనీ, జవాబులో "మీ ఉత్తరం అందింది" అని మాత్రమే రాయాలనీ ఆర్డరు వేసింది. అది న్యాయమేనని పంతులమ్మ ఒప్పుకుంది. విచారణ సంఘం ఆమెను రెండుసార్లు పిలిపించి, క్షమాపణ పత్రం రాయించుకుని వదిలేసింది.

తమ్ముడు పదకొండు రోజులు అక్కతో మాట్లాడలేదు. పెట్టింది తినేవాడు, కంచం కడిగి బోర్లించేవాడు, అంతే. పన్నెండో రోజు పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దంలోనుంచి అడిగాడు.

"ఆ బల్ల సంగతేంటక్కా?"

పాత ఈమెయిల్‌కు విచారణ సంఘం వాళ్ళు తాళం వేసేశారు. కానీ ఆమెకు ఆ ఆరు వాక్యాలూ కంఠతా వచ్చు. చెప్పింది. అతను ఊకొట్టలేదు. మొహం మీద నురగ ఆరిపోయేదాకా కత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఇది నాకు ఒక్కసారి చదివి వినిపించాల్సిందక్కా," అన్నాడు.

"నువ్వు వినాల్సిందిరా," అంది ఆమె.

ఆ తరువాత ఇద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. పొద్దుటి పూటలు మాత్రం పంతులమ్మకు వెలితిగా ఉండేవి. బల్ల మీద కంప్యూటరు లేదు, ఊరి గోడు వచ్చి కూర్చోదు. బజారుకు వెళ్ళాల్సి వస్తే నడిచే వెళ్ళేది. ఏడో నంబరు బస్సు కనిపిస్తే పక్క వీధిలోకి తిరిగేది.

నెల తరువాత ఒక రోజు మధ్యాహ్నం కుండపోతగా వాన పట్టుకుంది. మోకాళ్ళు మొరాయించాయి. చేతిలో సంచి, మీద తడి, ఎదురుగా బస్సు. ఏ నంబరో చూసుకోకుండా ఎక్కేసింది. కూర్చున్నాక చూస్తే అద్దంలో ఆ డ్రైవరు కళ్ళు కనిపించాయి. ఇంకా ఇద్దరే ఉన్నారు బస్సులో, వాళ్ళూ తరువాతి స్టాపులో దిగిపోయారు. దిగిపోదామా అని ఆమె కూడా లేవబోయింది, వానకు ధైర్యం చాలలేదు.

పాత పోస్టాఫీసు స్టాపు వచ్చింది. బల్ల ఉన్నచోట కొత్త సిమెంటు, దాని మీద వాన నీళ్ళు. ఎక్కేవాళ్ళు ఎవరూ లేరు. అయినా అతను బస్సు ఆపి, ఇంజను ఆపేసి, సీట్లోంచి వెనక్కి తిరిగాడు.

"ఆ రోజు అలా వెళ్ళిపోయానని తప్పుగా అనుకోకండి పంతులమ్మగారూ. అంతమందిలో ఏడుస్తానేమోనని భయమేసింది."

ఆమె తల ఊపింది.

"తువ్వాలు పట్టుకెళ్ళానండి," అన్నాడు. "నిజంగానే తడిగా ఉంది."

అతను మళ్ళీ ముందుకు తిరిగి బస్సు స్టార్టు చేశాడు.