నల్లరాయి, తెల్లరాయి

సిమంతోయ్‌కి కడుపు పండలేదు. నిరుడొచ్చిన సవతి నమెలోక్‌కీ పండలేదు. అయినా మొగుడు పొద్దున్నే పాలు తాగేది నమెలోక్ గుడిసెలోనే. అది తలుచుకుంటేనే సిమంతోయ్‌కి ఒళ్లు మండిపోయేది.

బిడ్డల కోసం ఇద్దరూ దూరపు మేతబీళ్ల నుంచి మొదటిసారి ఎన్గాయి దేవత కొండకు పాలు పట్టుకెళ్లారు. తూర్పు ఆఫ్రికాలో పశువులు మేపుకునే మసాయిలకు ఎన్గాయి ఎర్రబడితే కోపం, నల్లబడితే వాన, దయ. కొండ కక్కిన లావా అప్పుడే చల్లారి బొగ్గులా నిగనిగలాడుతోంది. పక్కనే పాత ముక్కొకటి సున్నంలా పాలిపోయి ఉంది. పాలు చిలకరించి మొక్కాక, దేవత ప్రసాదమని సిమంతోయ్ ఆ లావాలో ఒక నల్లరాయిని దుప్పటి చెంగులో మూటకట్టుకుని, తెల్లదాన్ని సవతి చేతిలో పెట్టింది.

"ఇదేంటక్కా, ఇలా వెలిసిపోయింది?"

"నీకు అదే రాసిపెట్టుంది. నోర్మూసుకుని తీసుకో."

మర్నాడు దారిలో, మంచుకు తడిసిన చెంగు విప్పేసరికి సిమంతోయ్ మొహం మాడిపోయింది. నల్లరాయి తెల్లబడి పిండిలా రాలుతోంది.

నమెలోక్ తొంగిచూసింది. "అయితే అన్నీ ఇలా పాలరంగుకొస్తాయన్నమాట. పండినదాన్ని నాకిచ్చి, పచ్చిది నువ్వుంచుకున్నావా? నేనేమో దారంతా నిన్ను తిట్టుకుంటూ వచ్చాను. దీవించక్కా."

చిన్నది తల వంచితే పెద్దది ముట్టి దీవించాల్సిందే. మసాయి ఆడవాళ్లందరిలా గొరిగించుకున్న ఆ నున్నటి గుండు మీద సిమంతోయ్ అరచెయ్యి పెట్టి, "నీ కడుపు పండాలి" అంది.

ఆ మాట ఎన్గాయి చెవిన పడకూడదని లోలోపల మొక్కుకుంది.