పంటి నొప్పి

ఎత్తెక్కితే పన్ను నొప్పి పుడుతుందా? పుడుతుందనే మా ఆయన దక్షిణామూర్తి గారి వాదన. పిల్లల బళ్లు తనిఖీ చేసే ఉద్యోగం ఆయనది. తిరుగుడెక్కువ. కాస్త మెరక ఎక్కితే ఎడమ దవడ పట్టుకుని ఆగిపోతారు. ఎవరైనా చూస్తే దారినపోయేవాణ్ణి పలకరిస్తున్నట్టు నటిస్తారు. నిలబడితే తగ్గిపోతుంది. అయినా ఆ పక్క పళ్లు ఒక్కొక్కటే పీకించుకుంటూ వచ్చారు.

నాకు మనసు మనసులో లేదు. అత్తగారి జ్వరం చూడ్డానికి డాక్టరు సోమసుందరం గారు వస్తే, తలుపు చాటునుంచి ఇదంతా చెప్పాను.

"అది పన్ను కాదమ్మా, గుండె" అన్నారాయన. "గుండె నిండా నెత్తురున్నా ఆ నెత్తురు దాని ఆకలి తీర్చదు. దాని గోడ మీద పాకే సన్నటి రక్తనాళాలే దాన్ని పోషించాలి. అవి ఇరుకైపోతే, ఎత్తెక్కేటప్పుడు నెత్తురు చాలదు. ఆ నొప్పే దవడకి పాకుతుంది. ఆయన్ని కొండలెక్కనివ్వకండి."

అందరికీ వడ్డించే మనిషికి మెతుకు దక్కనట్టన్నమాట. నాకు భయమేసింది. మర్నాడే ఆయన కొయ్యూరు ప్రయాణం. బండి కొండ మొదలు దాకానే, ఆపైన నడకే.

ఆయనతో చెప్పాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషి, వింటారా?

"పంటికీ గుండెకీ ఏటే సంబంధం? ఆ డాక్టరుకి మతి పోయింది" అని, ఆ సాయంత్రమే వెళ్లి ఎడమపక్క మిగిలిన ఒక్క పన్నూ పీకించుకొచ్చారు. "ఇంక నొప్పెట్టడానికి పన్నే లేదు, పీడా పోయింది" అన్నారు.

రాత్రంతా నేను లేవడం, ఆయన ఊపిరి వినడం, మళ్లీ పడుకోవడం.

తెల్లారి బండి తోలే గంగులు వాకిట్లోంచి కేకేశాడు. "బేగి రండి బాబూ, ఎండెక్కిపోతాది."

నా మీద పంతానికి పెట్టె తనే ఎత్తుకున్నారు. వాకిలి దాటి నాలుగడుగులు వేశారో లేదో, ఆగారు. పెట్టె దించి ఎడమ దవడ పట్టుకున్నారు. చెయ్యి అక్కడే ఉండిపోయింది. మొహం పాలిపోయింది. నేను వీధిలోకి పరిగెత్తి భుజం పట్టుకున్నాను. మెల్లగా అరుగు మీద కూలబడ్డారు.

"ఏం బాబూ, ఎక్కరా?" అన్నాడు గంగులు.

ఆయన నాకేసి తిరిగారు.

"వర్ధనం, గుండె గురించి డాక్టరు ఏటన్నాడే? మళ్లీ చెప్పు" అన్నారు.

ఆ గొంతులో కోపం లేదు. అది విని నాకు ఏడుపొచ్చింది.