పరదా అవతలి తండ్రి

కొడుకు దవాఖాన మెట్లెక్కుతున్నాడని కిటికీలోంచి చూసి సుశీల వార్డు గుమ్మం దగ్గరికి పరుగున పోయింది. ఎదురెళ్లి పిలుచుకురావడానికి కాదు, అడ్డం నిలబడడానికి.

ముందు రోజు తెల్లవారుతుండగా మహబూబాబాద్ దవాఖానలో కోడలు స్పందనకు ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. బిడ్డ ఏడుపు వినగానే సుశీల చేసిన మొదటి పని, తమ ఊరు తొర్రూరులోని అయ్యగారికి ఫోను చేసి పుట్టిన గడియ చెప్పడం. ఆయన పంచాంగం తిరగేశాడు. మూలా నక్షత్రం, మొదటి పాదం, తండ్రికి గండం అన్నాడు. ఇరవై ఏడో నాడు ఆ నక్షత్రం మళ్లీ వస్తుంది. అప్పుడు శాంతి చేసి, గిన్నెలో నువ్వుల నూనె పోసి, అందులో పడిన బిడ్డ నీడను తండ్రి ముందుగా చూడాలి. అప్పటిదాకా ముఖం చూడకూడదు.

నితిన్ భూపాలపల్లిలో కరెంటు లైన్‌మన్. గాలివానకు తీగలు తెగిపడడంతో కాన్పు నాటికి రాలేకపోయాడు. ఇప్పుడు తండ్రి అయినవాళ్లకిచ్చే పదిహేను రోజుల సెలవు పెట్టుకుని వచ్చాడు. స్పందనకు తల్లి లేదు. పురుడు అత్తగారింట్లోనే జరగాలి, అమ్మ ఒక్కతే ఎన్ని పనులని చేస్తుందని అతని ఆలోచన.

సుశీల సంగతంతా చెప్పింది. అతను మొదట నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఊరుకున్నాడు.

"నా సెలవు అప్పటిదాంక ఉండదు గదమ్మా."

"సెలవు మల్ల దొర్కుతది. నువ్వు మల్ల దొర్కుతవా?"

అతని చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకుని ఒట్టు వేయించుకుంది. కాళ్లు కడుక్కోవడానికి కూడా లోపలికి రానివ్వకుండా వరండా బల్ల మీద కూర్చోబెట్టింది.

ఆమె భయం అయ్యగారి మాటతో పుట్టింది కాదు. నితిన్ పుట్టినప్పుడు ఆమె కొడకండ్లలో, తన పుట్టింట్లో ఉంది. భర్త హన్మంత్ బోరుబావులు వేసే లారీ మీద పని చేసేవాడు. ఓనరు ఒక్క పూట పంపించాడు. సాయంత్రం వచ్చి, కొడుకును ఒళ్లో పెట్టుకుని చీకటి పడేదాకా చూసి, ఎల్లుండి మళ్ల వస్తనని చెప్పి తెల్లారి పోయాడు. లారీ బోల్తా పడిందని కబురు మాత్రం వచ్చింది. కర్మ చేయించడానికి వచ్చినాయన వేళ్ల మీద లెక్క వేసి, పిల్లవాడి నక్షత్రం ముందే చూపించుకోవలసింది కదా అన్నాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు పసివాడి వైపు తిరిగి చూశారు. ఆ చూపు ఆమె మరిచిపోలేదు. ఆ మాట కొడుకు చెవిన పడకుండా కాపాడుకుంటూనే అతన్ని పెంచింది. ఎవరు ఎక్కడికి బయలుదేరినా వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడడం అప్పటి నుంచే అలవాటైంది.

బాలింతను ఇంటికి తెచ్చాక, ఆమె పడుకునే నడిమి అర్ర గుమ్మానికి మందపాటి పరదా కట్టింది. గాలి తగలకుండా కిటికీలు మూసింది. పరదా లోపల తల్లీ బిడ్డా ఒక పక్క, అవతల నితిన్. అతను నీళ్లు కాచాడు, గుడ్డలు ఉతికాడు, ఎల్లిపాయ కారం నూరాడు. పక్కింటి ఆటో జలీల్ గోడ మీద నుంచి తొంగి చూసి, మగవాళ్లకు కూడా పురుటి సెలవు వచ్చిందంటే ఇంక నొప్పులు కూడా వస్తాయేమోనని ఎగతాళి చేశాడు.

"నడుముకు గుడ్డ గట్టుకున్నవా అన్నా? చెవుల్ల దూది?"

"కట్టుకున్న. నువ్వు జర గుడ్లు దెచ్చియ్యి, బాలింతను," అన్నాడు నితిన్.

కానీ పని లేనప్పుడు అతను పరదా పక్కన గోడకు ఆనుకుని కూర్చునేవాడు. కూతురును చూడలేదు గనుక విన్నాడు. ఆకలి ఏడుపు వేరు, తడి ఏడుపు వేరు అని లోపలున్న వాళ్లకంటే ముందే చెప్పేవాడు. "గిది పాలకు గాదు, బట్ట తడిసింది సూడు," అంటే స్పందన నవ్వుకుంటూ చూసేది, తడిసే ఉండేది. సుశీలకు ఆ నవ్వులు నచ్చేవి కావు. పరదా అంచు కొంచెం కదిలినా పరుగున వచ్చి సర్దేది. చివరికి దాని కింది అంచు మీద రాయి ఉంచింది.

రెండు రోజులుగా బిడ్డ ఎక్కువ నిద్రపోతోంది. నెమ్మదస్తురాలు, తల్లిని సతాయించడం లేదని సుశీల మురిసింది. రోజూ పొద్దున శనగపిండి, పసుపు, పాల మీగడ కలిపి ఒళ్లంతా నలుగు పెట్టి నీళ్లు పోస్తోంది. ఆ చీకటి అర్రలో పిల్ల బంగారు బొమ్మలా పచ్చగా కనిపించేది.

ఆ రోజు మధ్యాహ్నం నితిన్ అన్నం ముందు కూర్చున్నవాడు లేచి వచ్చాడు.

"బిడ్డ ఏడుపు మారింది. సన్నగైంది. పొద్దటి సంది గట్టిగ ఏడ్వలే."

కడుపు నిండి పడుకుందని సుశీల అంది. పాలు గుంజడం లేదని లోపలి నుంచి స్పందన సన్నగా చెప్పింది. పసిపిల్లలు ఒక పూట తాగుతారు, ఒక పూట తాగరని సుశీల సర్దిచెప్పింది. చెబుతూనే పిల్ల పాదం మీద వేలితో కొట్టి చూసింది. పాదం కదలలేదు. ఇంకోసారి కొట్టింది. పిల్ల మూలిగి మళ్లీ కళ్లు మూసుకుంది.

"నేనొస్తున్న," అన్నాడు నితిన్.

సుశీల ఒక్క అంగలో గుమ్మం దాటి వచ్చి పరదాకు వీపు ఆనించి నిలబడింది. జలీల్ ఆటో తెస్తాడు, నేను ఎత్తుకుని పోతాను, నువ్వు వెనక బండి మీద రా అంది. ఆమె చేతులు అప్పటికే వణుకుతున్నాయి. ఆ చేతులతో పిల్లను పట్టుకోలేదని ఇద్దరికీ తెలుసు. స్పందన కుట్లతో లేవలేదు.

అతను ముందుకు రాలేదు. తోసుకుని పోతే ఆమెకు ఎంతో తేలికగా ఉండేది. అక్కడే నిలబడి అడిగాడు.

"నన్ను సూసినందుకే నాయిన పోయిండని నాకు బడిలనే చెప్పిండ్రమ్మా. నువ్వు గూడ గంతే అనుకుంటున్నవా?"

ఇన్నేళ్లూ సుశీల తన కొంగు చాటున దాచానని అనుకున్న మాటను అతను చిన్నప్పటి నుంచి మోస్తూనే ఉన్నాడు. అవునంటే కన్నకొడుకు ముఖం మీదే తండ్రిని మింగినవాడివని అన్నట్టు. కాదంటే ఈ పరదాకు అర్థం లేదు. వెనక అర్రలో ఏ చప్పుడూ లేదు. ఆ చప్పుడు లేకపోవడం అప్పుడు మొదటిసారి ఆమె చెవికి సోకింది.

వంగి రాయి తీసింది. పరదా పక్కకు లాగింది.

"దా కొడుకా," అంది. వెంటనే కళ్లు గట్టిగా మూసుకుంది, తాను చూడకపోతే అది జరగనట్టు.

వెలుతురులోకి తెచ్చాక తెలిసింది. పొద్దున పెట్టిన నలుగు ఎప్పుడో కడుక్కుపోయింది. పసుపు బిడ్డ ఒంటి మీద లేదు, లోపల ఉంది. కనుగుడ్లు కూడా పచ్చబడ్డాయి. జలీల్ ఈసారి ఎగతాళి చేయలేదు. మహబూబాబాద్ దాకా ఎక్కడా ఆపలేదు. దారి పొడుగునా నితిన్ అంగీ గుండీలు విప్పి పిల్లను రొమ్ముకు ఆనించుకుని, తల వంచి ఆ ముఖం మీదే చూపు నిలిపాడు. ఎదురుగా వచ్చే ప్రతి లారీనీ సుశీల చూసింది.

కామెర్లు బాగా ముదిరాయని డాక్టరమ్మ చెప్పింది. మరో పూట ఆలస్యమైతే మెదడుకు ఎక్కేదని, పసుపు పెడితే రంగు ఎట్లా తెలుస్తుందని కోప్పడింది. సుశీల తన అరచేతులు చూసుకుంది. గీతల్లో ఇంకా పసుపు ఉంది. పిల్ల కళ్లకు గంతలు కట్టి గాజు పెట్టెలో నీలి వెలుగు కింద పెట్టారు. సుశీల గాజు బయట నిలబడి, తండ్రి చూసినా బిడ్డ మాత్రం అతన్ని కళ్లారా చూడలేదు కదా, సగం గండం తప్పినట్టేనా అని లెక్క వేసుకుంది. ఆ లెక్క వేసుకున్నందుకు సిగ్గుపడింది. సిగ్గుపడినా మానలేదు.

నితిన్ మిగిలిన సెలవంతా ఆ పెట్టె పక్కనే గడిచింది. పిల్ల గొంతు విప్పి ఏడ్చిన నాడు వార్డంతా తలతిప్పి చూస్తే, "గిది ఆకలి ఏడుపు," అని అతను అందరికీ చెప్పాడు.

సెలవు అయిపోయింది. బిడ్డను ఇంట్లో దించి అతను భూపాలపల్లి పోయాడు. పోయేటప్పుడు సుశీల ఒకటే అడిగింది.

"కరెంటు బందువెట్టిచ్చినంకనే స్తంభం ఎక్కుతవు గద?"

"బందువెట్టిచ్చి, సూసుకోనే ఎక్కుత."

"ఎవలన్న తొందరవెడితె?"

"పెట్టనియ్యి అమ్మా. నాకిప్పుడు బిడ్డుంది."

ఆమె మలుపు దాకా చూస్తూ నిలబడింది. ఆ తర్వాత ఏ సాయంత్రం మబ్బు పట్టినా ఆమెకు అన్నం దిగలేదు.

ఇరవై ఏడో నాడు అయ్యగారు వచ్చి శాంతి చేశాడు. నితిన్‌కు సెలవు లేదు. ముందే చూసినవాడికి ఇంక నూనె దేనికని స్పందన మెల్లగా అంది. సుశీల వినలేదు. గిన్నెలో నువ్వుల నూనె పోసింది. స్పందనతో నితిన్‌కు వీడియో కాల్ చేయించి, ఒక చేత్తో పిల్లను గిన్నె మీదికి వంచి పట్టి, ఇంకో చేత్తో ఫోను నూనె మీదికి తిప్పింది. అతను ఏదో సబ్‌స్టేషన్ ముందు నిలబడి ఉన్నాడు. అతని జుట్టు గాలికి ఎగురుతోంది.

"కనవడుతుందా కొడుకా?"

అతను పెదవి విప్పబోతూ అట్లాగే ఆగిపోయాడు. ఎగిరిన జుట్టు ఎగిరినట్టే ఉంది. నూనెలో రెండు ముఖాలు, ఒకటి కదులుతోంది, ఒకటి కదలడం లేదు. సిగ్నల్ పోయిందని స్పందన చెబుతూనే ఉంది. సుశీలకు వినపడలేదు. మోచెయ్యి తగిలి గిన్నె అంచు నుంచి నూనె ఒలికింది. ఫోను దించలేదు. దించితే తానే తెంపినట్టు అవుతుందని అనిపించింది.

పిల్ల ఏడుపు అందుకుంది, గట్టిగా, గొంతు నిండా.

"అమ్మా," అన్న మాట వచ్చింది ఫోనులోంచి. బొమ్మ ఇంకా కదలలేదు, గొంతు మాత్రం వచ్చింది. "బట్ట తడిసినట్టుంది సూడు."

సుశీల చూసింది. తడిసే ఉంది. ఆమె ఏడుస్తూ పొడి గుడ్డ అందుకుంది. బయట గాలి ఎక్కువైంది. తలుపు ఒకసారి కొట్టుకుని ఆగింది. మిగిలిన నూనె ఒలకకుండా గిన్నెను జాగ్రత్తగా అటక మీద పెట్టింది, కొడుకు వచ్చి చూసేదాకా ఉండనీ అని పారబోయలేదు.