ఓకర్ నది ఒడ్డున ఒక శనివారం

రిటైరైన డాక్టర్లు ఎవరైనా అవసరం పడితే పనిలోకి రాగలరా అని వైద్యుల సంఘం అడిగినప్పుడు జనార్దనరావు ఆ రోజే పేరిచ్చేశాడు. అది 2020 మార్చి. జబ్బేమో ఊపిరితిత్తులది. తనేమో జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో ముప్ఫై ఏళ్ళు ఊపిరితిత్తుల డాక్టరుగా చేసినవాడు. తనని కాక ఇంకెవర్ని పిలుస్తారు అనుకున్నాడు. ఏప్రిల్ వెళ్ళింది. మే వెళ్ళింది. ఎవరూ పిలవలేదు.

ఆయన ఒకచోట నిలవడం మానేశాడు. పొద్దున్నే లేచి తోటలో గడ్డి కోసేవాడు. అది మళ్ళీ మొలిచేలోపు గ్యారేజీ కడిగేవాడు. ఒకరోజు వంటింట్లో డబ్బాలన్నీ కిందికి దింపి కొత్తగా సర్దాడు.

"ఏవండీ, ఇంగువ ఎక్కడ పెట్టారు?" అంది అలివేలుమంగ.

"అక్షరక్రమంలో పెట్టాను."

"ఏ భాష అక్షరక్రమం?"

ఆవిడ స్టూలెక్కి వెతుక్కుంది.

బ్రెమెన్‌లో విమానాల ఇంజనీరుగా పనిచేసే కూతురు చంద్రిక సాయంత్రం పూట ఫోన్ చేసేది. తండ్రి తెలుగులో మొదలుపెడితే తను జర్మన్లో ముగించేది. "పాపా, డూ బిస్ట్ రిజికోగ్రుప్పె," అనేది. జబ్బు తగిలితే ముప్పున్న వాళ్ళలో నువ్వొకడివి, అని.

"నాకు డెబ్భై ఒకటేనే. నదిలో నీకంటే గట్టిగా నిలబడతాను," అనేవాడు జనార్దనరావు.

నదిలో నిలబడటం ఆయనకున్న ఒకే ఒక వ్యసనం. ఊళ్ళోని ఫ్లై ఫిషింగ్ క్లబ్బులో పాతికేళ్ళుగా సభ్యుడు. ఈ చేపల వేటలో ఎరగా వానపాములుండవు. కొక్కేనికి ఈకలూ దారమూ చుట్టి ఈగలా తయారుచేస్తారు. దాన్ని పొడవాటి దారంతో నీళ్ళ మీదికి, పురుగు తనంతట తాను వాలినట్టు విసరాలి. ట్రౌట్ చేప నమ్మితే పైకి లేస్తుంది. ఆయనకి ఈ విద్య నేర్పింది హార్ట్‌మూట్. కార్ల ఫ్యాక్టరీలో రంగులేసే విభాగానికి మేస్త్రీగా చేశాడు. ఒకప్పుడు తల్లిని చూపించడానికి ఆసుపత్రికొచ్చి, డాక్టరు బల్ల మీద నది ఫొటో చూసి స్నేహం కలిపాడు. మాటలపోగు. చెప్పడం మొదలుపెడితే ఒక వాక్యం ముగిసేసరికి టీ చల్లారిపోయేది.

జూన్‌లో క్లబ్బువాళ్ళు ఊరి బయట పచ్చికలో కుర్చీలు దూరదూరంగా వేసుకుని సమావేశమయ్యారు. అధ్యక్షురాలు రెనాటె, రిటైరైన స్కూల్ టీచర్. "ఈ ఏడు వేసవి కార్యక్రమాలన్నీ ఆపేద్దామా?" అని అడిగింది.

"ఆపేద్దాం. వచ్చే ఏడు నది ఎక్కడికీ పోదు," అన్నాడు ఫోల్కర్. అతను లాయరు. క్లబ్బులో అందరూ ఒకళ్ళనొకళ్ళు నువ్వు అనుకుంటున్నా అతను మాత్రం మీరు అనే అంటాడు.

జనార్దనరావు లేచి నిలబడ్డాడు. "నది పోదు. మనలో సగంమంది డెబ్భై దాటినవాళ్ళం. ఆరుబయట, గాలిలో, ఇద్దరిద్దరుగా విడిపోయి నిలబడితే దీనికంటే క్షేమమైన పని ఏముంది? డాక్టరుగా చెబుతున్నాను."

ఆ చివరి మాట పనిచేసింది. బుధవారాలు పచ్చికలో దారం విసిరే సాధన, జూలైలో ఒక శనివారం హార్జ్ కొండల్లో ఓకర్ నదికి ప్రయాణం. ఏర్పాట్లన్నీ జనార్దనరావువే. తిండి ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి, కార్లలో ఎవరికి వాళ్ళు రావాలి అని నియమాలు రాశాడు. చాలా రోజుల తర్వాత ఆ వారం రాత్రుళ్ళు ఆయనకి నిద్రపట్టింది.

ఆ శనివారం పొద్దున నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఛాతీదాకా వచ్చే రబ్బరు ప్యాంట్లు తొడుక్కుని ఇద్దరేసి చొప్పున నది పొడుగునా విడిపోయారు. జనార్దనరావుకి జత హార్ట్‌మూట్. మధ్యాహ్నం దాకా ఒక్క చేపా లేవలేదు. జనార్దనరావు ఈగ మార్చాడు, చోటు మార్చాడు, మళ్ళీ ఈగ మార్చాడు. "నువ్వు చేపల్ని పట్టడానికి రాలేదు, తరమడానికొచ్చావు," అన్నాడు హార్ట్‌మూట్.

అప్పుడు వాన మొదలైంది. కొండల్లో వాన చెప్పి రాదు. ఒడ్డున అటవీశాఖవాళ్ళ చెక్క గుడిసె ఒకటుంది. జనార్దనరావే ముందు పరుగెత్తి, గుమ్మంలో నిలబడి, "రండి రండి, తలుపు తెరిచే ఉంచుదాం," అని అందర్నీ లోపలికి పిలిచాడు. పన్నెండు మంది తడిబట్టలతో భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు. ఎవరో ఫ్లాస్కు తీశారు. ఎవరో కేకు కోసి పంచారు. నెలల తర్వాత అంత దగ్గరగా మనుషులు. అందరికీ మత్తెక్కినట్టుంది. ఫోల్కర్ ఒక్కడే బయట చెట్టుకింద తడుస్తూ నిలబడ్డాడు.

గుడిసెలో హార్ట్‌మూట్ ఏదో పాత వేట సంగతి చెబుతున్నాడు. జనార్దనరావు నవ్వుతూ వింటున్నవాడల్లా ఒక్కసారి నవ్వాపాడు. హార్ట్‌మూట్ వాక్యం మధ్యలో ఆగుతున్నాడు. రెండు మాటలు చెప్పి గాలి పీలుస్తున్నాడు. మళ్ళీ రెండు మాటలు. ముప్ఫై ఏళ్ళు ఆ ఆగడాన్ని వింటూ బతికిన చెవి ఆయనది.

కానీ వాన సన్నబడింది. నీళ్ళమీద పురుగులు లేచాయి, అక్కడక్కడ ట్రౌట్లు గుండ్రంగా అలలు రేపుతున్నాయి. పొద్దుటినుంచీ ఎదురుచూసింది దీనికోసమే. ఒక్క అరగంట, తర్వాత చూద్దాం అనుకుని జనార్దనరావు నీళ్ళలోకి దిగాడు.

మూడో విసురుకే చేప అందుకుంది. బరువైనది. గాలపు కర్ర విల్లులా వంగింది. దాన్ని ఆడిస్తూ, ప్రవాహానికి ఎగువన హార్ట్‌మూట్ చూస్తున్నాడా అని తలతిప్పాడు. హార్ట్‌మూట్ తొడల్లోతు నీళ్ళలో ఒక బండకి ఒరిగి ఉన్నాడు. కర్ర చంకలో ఉంది. దారం కిందికి కొట్టుకుపోతున్నా పట్టించుకోవడం లేదు.

జనార్దనరావు దారం చేతికి చుట్టి తెంపేశాడు.

దగ్గరికెళ్ళేసరికి హార్ట్‌మూట్ పెదాలు నేరేడుపళ్ళు తిన్నవాడి పెదాల్లా ఉన్నాయి. "ఏం లేదు, పుప్పొడి పడదు నాకు. ఏటా ఉండేదే," అన్నాడు.

"ఈ నెలలో, ఈ వానలో, పుప్పొడి ఎక్కడిది? పద."

"చేపలు లేస్తున్నాయి."

"లేవనీ."

ఒక మాస్కు తను పెట్టుకున్నాడు. రెండోది జేబులో ఉంది. అది అతని ముఖానికి కట్టి, చెయ్యి తన మెడచుట్టూ వేసుకుని ఒడ్డెక్కించాడు. రోడ్డు మీదికి ఏటవాలు దారి. హార్ట్‌మూట్ పెద్ద మనిషి. నాలుగడుగులకోసారి ఆగాల్సి వచ్చింది. ఆ లోయలో ఫోన్ పనిచెయ్యదు. అంబులెన్సుకోసం మనిషిని పంపేకంటే తనే తీసుకెళ్ళడం త్వరగా అవుతుందని తన కారులో కూర్చోబెట్టి అద్దాలన్నీ దించాడు.

దారిలో హార్ట్‌మూట్ కిటికీవైపు చూస్తూ అన్నాడు. "గురువారం నుంచి... వాసనలు తెలియడం లేదు, రావ్. చెబితే నువ్వు ఇదంతా రద్దు చేసేవాడివి."

"చేసేవాణ్ణే."

"నువ్వెంత సంబరపడ్డావో చూశాను. చెప్పబుద్ధి కాలేదు."

జనార్దనరావు వేగం పెంచాడు. కొండ దిగువ ఊళ్ళో ఆసుపత్రి గుమ్మం దగ్గర నఖశిఖపర్యంతం కవర్లు తొడుక్కున్న ఒక అమ్మాయి చక్రాల కుర్చీ తెచ్చింది. ఆయన వెనకే నడవబోయాడు.

"మీరు బయటే ఉండాలి."

"నేను డాక్టర్ని. ఊపిరితిత్తుల డాక్టర్ని."

"కావచ్చు. ఇప్పుడు మీరు అతనితో కలిసి తిరిగిన మనిషి. అంతే," అంది ఆ అమ్మాయి, కఠినంగా కాదు. తలుపు మూసుకుంది. జనార్దనరావు నీళ్ళోడే రబ్బరు ప్యాంటుతో ఆ ఆవరణలో చీకటిపడేదాకా ఈ చివరినుంచి ఆ చివరికి నడిచాడు.

మర్నాడు ఆరోగ్యశాఖ నుంచి ఫోనొచ్చింది. హార్ట్‌మూట్‌కి కరోనా. గుడిసెలో ఉన్నవాళ్ళందరూ రెండువారాలు ఇల్లు కదలకూడదు. టెస్టులకి టెర్మిన్లు, అంటే రావలసిన రోజూ వేళా, ఇచ్చారు. అలివేలుమంగ ఆయన్ని చంద్రిక పాత గదిలోకి పంపి, భోజనం గుమ్మం ముందు స్టూలు మీద పెట్టసాగింది. రెండురోజులు ఒక్కమాటా లేదు. మూడోరోజు తలుపవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"ఆసుపత్రివాళ్ళు పిలవలేదని మీరే వెళ్ళి తలుపు కొట్టారు," అంది.

"మంగా, గుడిసెలోనే నాకు అనుమానం వచ్చింది. అరగంట ఆగాను."

అవతల కుర్చీ తలుపుకి ఇంకా దగ్గరగా జరిగింది.

"ఆ అరగంటలో ఏమైనా తేడా వచ్చేదా?"

"అతనికి వచ్చేదో లేదో చెప్పలేను. అప్పుడే తీసుకొచ్చేస్తే మిగతావాళ్ళకి అతని గాలి కాస్త తక్కువ తగిలేదేమో."

"అయితే వాళ్ళ సంగతి చూడండి. నాకు చెప్పి ఏం లాభం?"

ఆవిడ లేచి వెళ్ళిపోయింది. ఆయన కిటికీకీ మంచానికీ మధ్య కాసేపు తిరిగి, ఫోన్ అందుకున్నాడు.

ఆనాడు వచ్చిన వాళ్ళందరికీ ఫోన్ చెయ్యడం మొదలుపెట్టాడు, పొద్దునోసారి, సాయంత్రమోసారి. ఎలా ఉన్నారు అంటే అందరూ బాగానే ఉన్నామంటారు. అందుకని ఆ ప్రశ్న వెయ్యలేదు. వారాల పేర్లు ఒక్క ఊపిరిలో వీలైనన్నిసార్లు చెప్పమనేవాడు. కళ్ళు మూసుకుని వినేవాడు. కొందరు నవ్వారు, కొందరు విసుక్కున్నారు, అయినా చెప్పారు. ఫోల్కర్ మాత్రం ఫోనెత్తి, "నేను బయటే నిలబడ్డాను, డాక్టర్ రావ్. జూన్‌లోనూ వద్దనే అన్నాను," అని పెట్టేశాడు. అందులో అబద్ధమేమీ లేదు. జనార్దనరావు మళ్ళీ అతనికి చెయ్యలేదు.

ఎనిమిదోరోజో తొమ్మిదోరోజో సాయంత్రం రెనాటె వారాలు మొదలుపెట్టి గురువారం దగ్గర ఆగింది. పొద్దున రెండుసార్లు తిప్పి చెప్పిన మనిషి.

"మళ్ళీ చెప్పు."

ఈసారి బుధవారం దగ్గరే ఆగింది. "అలిసిపోయాను అంతే. పడుకుంటే తగ్గుతుంది," అంది.

"పడుకోకు. ఫోన్ పెట్టెయ్, అంబులెన్సుని నేను పిలుస్తాను. తలుపు గడియ తీసి కూర్చో."

ఆమెకి ఆ రాత్రే ఆక్సిజన్ పెట్టారు. వెంటిలేటర్ దాకా రాలేదు. ఇంకొంచెం ఆలస్యమైతే వచ్చేదని అక్కడి డాక్టరు ఆమెతో అన్నాడట. జనార్దనరావుకి ఆ కబురు తెలిసినప్పుడు కూడా మనసు కుదుటపడలేదు. హార్ట్‌మూట్ అప్పటికే మత్తులో, గొంతులో గొట్టంతో ఉన్నాడు. అతని భార్య ఇల్జె ఫోన్ చేసి, డాక్టర్లు చెప్పిన మాటలన్నీ అప్పజెప్పి, "దీనర్థం ఏమిటి, రావ్?" అని అడిగేది. ఆయన ఉన్నదున్నట్టు చెప్పేవాడు. ఒక్కోరోజు ఆ నిజం చెప్పడానికి ముందు, ఫోన్ పక్కన పెట్టి, మంచినీళ్ళు తాగి వచ్చేవాడు.

తనకి టెస్టులో ఏమీ రాలేదు. గడువు తీరి గదిలోంచి బయటికొచ్చిన రోజున అలివేలుమంగ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, "చిక్కిపోయారు," అని మాత్రం అంది.

హార్ట్‌మూట్ ఆగస్టు చివర్లో కళ్ళు తెరిచాడు. సెప్టెంబరులో నడక నేర్చుకున్నాడు, గోడ పట్టుకుని.

ఆ నెలాఖరున క్లబ్బు మళ్ళీ పచ్చికలో కూర్చుంది. రెనాటె ఇంకా దగ్గుతూనే నడిపించింది. ప్రయాణాల బాధ్యత ఎవరికివ్వాలి అన్నమాట వచ్చింది. జనార్దనరావు లేచాడు.

"ఫోల్కర్‌కి ఇవ్వండి. జూన్‌లో ఆయన చెప్పిందే సరైనది. డాక్టరునని చెప్పి మీ నోళ్ళు మూయించాను. ఆ మాట నేను డాక్టరుగా అనలేదు, ఇంట్లో ఉండలేక అన్నాను."

రెనాటె ఏదో చెప్పబోతే ఆయన చెయ్యి అడ్డంపెట్టి కూర్చున్నాడు. సమావేశమయ్యాక ఫోల్కర్ తన కుర్చీ మడుస్తూ దూరంనుంచే అడిగాడు. "అక్టోబరులో ఓకర్‌కి వెళ్తున్నాం. మీరొస్తారా?"

"రావచ్చా?"

"సభ్యులేగా మీరు," అన్నాడు ఫోల్కర్. అంతకుమించి మెత్తబడలేదు.

అక్టోబరు ప్రయాణానికి అలివేలుమంగ కూడా బయల్దేరింది, పాతికేళ్ళలో మొదటిసారి. తను శాకాహారి. చేపలు పట్టేచోట నాకేం పని అనేది ఎప్పుడూ. "మీరు ఎవర్ని ఏ గుడిసెలోకి పిలుస్తారో చూసుకోవద్దూ?" అంది ఈసారి. దిబ్బరొట్టె చేసి, డబ్బాలో సర్దింది. హార్ట్‌మూట్‌ని ఇల్జె తీసుకొచ్చింది. సగమైపోయాడు. నీళ్ళలోకి దిగనివ్వలేదెవరూ. ఒడ్డున మడతకుర్చీలో కూర్చుని అక్కణ్ణుంచే దారం విసురుతున్నాడు. భుజంలో బలంలేక అది కాళ్ళదగ్గరే చుట్టలుగా పడుతోంది.

రొట్టె ముక్క తిని, "ఇది దేనితో చేశావు?" అని అలివేలుమంగని అడిగాడు హార్ట్‌మూట్.

"మినప్పిండి, బియ్యపు రవ్వ," అని జర్మన్లో వివరించబోయి, మినప్పప్పుకి మాట దొరక్క ఆవిడ జనార్దనరావువైపు చూసింది. ఆయన అక్కడ లేడు. నీళ్ళలో మోకాళ్ళలోతున, కర్ర లేకుండా, చేతులు జేబుల్లో పెట్టుకుని, ప్రవాహానికి ఎదురుగా పదడుగులు నడవడం, మళ్ళీ వెనక్కి రావడం.

"ఏవండీ, వచ్చి కూర్చోండి," అంది ఆవిడ గొంతు పెంచి.

"వస్తాను," అన్నాడు, నడుస్తూనే.

"ఉండనివ్వు," అన్నాడు హార్ట్‌మూట్. ఊపిరి తీసుకోవడానికి ఆగి, వాక్యం పూర్తిచేశాడు. "కూర్చుంటే ఇంకా కష్టం అతనికి."

ఆవిడ ఇంకో రొట్టె ముక్క తుంచి అతని పళ్ళెంలో వేసింది.