గడియలు లేని ఇల్లు

మా ఆయన చొక్కా కాలరు నేను ఇస్త్రీ చేస్తుండగా అన్నయ్య ఫోన్ చేశాడు. నాన్న పోయి నెలైంది కదా, అమ్మని తన ఇంటికి తీసుకెళ్తాడట. "హాల్లో మంచం వేసేస్తాలే. గదులు పిల్లలకి కావాలి. అయినా తలుపులు వేసుకోకుండా పడుకోవడం అమ్మకి కొత్తా ఏంటి?" అని నవ్వాడు. స్పీకర్లో వింటున్న మా ఆయన కూడా నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు.

నాన్న యుద్ధంలో నౌకాదళంలో పనిచేశాడు. ఓడకి దెబ్బ తగిలి నీళ్ళు లోపలికి వచ్చేస్తుంటే, పైవాళ్ళ ఆర్డర్ మీద ఇనుప తలుపు మూసి బిగించింది ఆయనే. ఓడ మునగలేదు. తలుపుకి అవతల ఉండిపోయిన స్నేహితులు మాత్రం కొడుతూనే ఉన్నారట, ఆ చప్పుడు ఆగేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడట. పతకం ఇచ్చారు, ఫొటో తీశారు. ఇంటికొచ్చి ఆయన మొదట చేసిన పని తలుపులన్నిటికీ గడియలు ఊడబీకడం. ఎవరైనా తలుపు కాస్త దగ్గరికి వేస్తే చాలు, చెమటలు పట్టేసి అరిచేవాడు. పాపం, అది జబ్బే, నేను కాదనను. కానీ ఆ జబ్బుకి మందు మా అమ్మ. బాత్రూం తలుపు బార్లా తీసిపెట్టి స్నానం చేసేది, నేను దుప్పటి అడ్డం పట్టుకుని నిలబడేదాన్ని. నేను ఎదిగాక అమ్మ నాకు పట్టేది. హాస్టల్లో పెరిగిన అన్నయ్య ఆ ఓడ కథ ప్రతి మీటింగులో చెప్తాడు, దుప్పటి సంగతి ఎవరూ అడగరు. పెళ్ళైన కొత్తలో అలవాటు కొద్దీ గడియ పెట్టకుండా స్నానానికి వెళ్తే, "మీ ఇంట్లో సిగ్గూ శరం నేర్పలేదా అమ్మాయ్" అంది అత్తగారు అందరి ముందూ. మా ఆయన పేపర్లోంచి తలెత్తలేదు.

"మీ అన్నయ్య చెప్పింది బానే ఉంది" అన్నాడాయన ఇప్పుడు, ఫోన్ పెట్టగానే. "ఆ కాలరు సరిగ్గా చెయ్యి."

ఇస్త్రీపెట్టె ఆపేశాను. ఆయన ఆఫీసు గది అని చెప్పుకునే గదిలోకి వెళ్ళి, కంప్యూటర్ వైర్లు పీకి, బల్లని హాల్లోకి లాగడం మొదలుపెట్టాను.

"ఏంటిది, పిచ్చా నీకు?"

"అమ్మ వస్తోంది. ఈ గది అమ్మకి."

"నన్నొక మాట అడగక్కర్లేదా?"

అడగలేదు. అమ్మకి ఫోన్ చేశాను. "నా దగ్గరికి వచ్చెయ్యమ్మా. నీకంటూ ఒక గది ఉంటుంది, లోపల్నుంచి గడియ పెట్టుకోవచ్చు."

అల్లుడుగారికి ఇబ్బందేమోనే అంటుందనుకున్నాను.

"ఏమే," అంది అమ్మ, గొంతు బాగా తగ్గించి, "అందులో కూర్చుని ఏడిస్తే బయటికి వినపడదు కదా?"