అద్దం ముందు రౌటరు

బావగారికి తెలియని సంగతంటూ ఆ ఇంట్లో లేదు. తెలిసిన సంగతి ఏదో మాత్రం ఇంతవరకు ఎవరి కంటా పడలేదు. వైఫై పెట్టించిన రోజున ఆయన రౌటరును హాల్లో షోకేసులో, స్టీలు గిన్నెల మధ్య కొలువుతీర్చారు. షోకేసు వెనక వైపంతా నిలువుటద్దం.

"అద్దంలో ఇంకోటి కనిపిస్తోందా? దీపం వెనక అద్దం పెడితే వెలుగు రెట్టింపు. ఇదీ అంతే," అని, ఎదురుగా సోఫాలో కూర్చుని ఫోనులో నిండు సిగ్నల్ గీతలు చూపించారు. అత్తగారు కొడుకు తెలివికి మురిసిపోయింది. ఆ అద్దం వెనక గోడ, గోడ వెనక చిన్నకోడలి గది. అక్కడ గీత ఒక్కటి నిలిస్తే గొప్ప.

చిన్నకోడలు అప్పుడు పోనీలే అనుకుంది. ఇవాళ అలా అనుకునే వీల్లేదు. నెలల పాప పొద్దుటి నుంచి ఎగశ్వాసగా ఉంది. మొగుడు డ్యూటీకి వెళ్ళాడు. డాక్టరమ్మ వీడియోలోకి వచ్చి, "పాపను లేపకు, ఏడిస్తే ఊపిరి ఎలా ఉందో నాకు తెలీదు. నిద్రలోనే చొక్కా ఎత్తి చూపించు. ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోపలికి గుంజుకుపోతుంటే వెంటనే..." అంటూ తెర మీద నోరు తెరిచింది తెరిచినట్టే బిగుసుకుపోయింది.

చిన్నకోడలు గది గుమ్మంలోకి వచ్చింది. "బావగారూ, సిగ్నల్ అందట్లేదు!"

"నీ ఫోను పాతది," అన్నారాయన సోఫాలోంచి కదలకుండా. "పైగా వాన. పైవాటా వాళ్ళు మనది లాగేస్తున్నారేమో కూడా."

ఆడలేక మద్దెల ఓడన్నాడట.

"అయితే మీ ఫోనివ్వండి."

ఇచ్చారు. సోఫా దగ్గర నిండు గీతలు. గది గడప దాటితే ఒక్కటి. చిన్నకోడలు వెనక్కి వచ్చి, ఫోను ఆయన చేతిలో పెట్టి, షోకేసు వంక చూసింది. దీపం వెనక అద్దం పెడితే ముందంతా వెలుగే, నిజమే. మరి అద్దం వెనకాల? చీకటేగా! ఈ మాత్రం దానికి ఇంత గొంతా ఈ మనిషికి!

తలుపు లాగి రౌటరును చేతిలోకి తీసుకుంది.

"ముట్టుకోకు! అమరిక చెడుతుంది!"

"పెద్దవాడు చెప్తున్నాడు కదే," అంది అత్తగారు.

"ఆయన రేపైనా చెప్తారు అత్తయ్యా. పాప ఇప్పుడు ఊపిరి తీసుకోవాలి."

తీగ అందినంత మేర లాగి, గది గుమ్మంలో చెక్క స్టూలు మీద పెట్టింది. డాక్టరమ్మ మళ్ళీ కదిలింది. తల్లి పాప చొక్కా ఎత్తి ఫోను పట్టుకుంది. డాక్టరమ్మ రెప్ప వేయకుండా చూసింది.

"డొక్కలు లోపలికి పోవట్లేదమ్మా. ముక్కు దిబ్బడే. ఇప్పుడు పరుగెత్తుకు రానక్కర్లేదు. పాలు తాగకపోయినా, ఆయాసం పెరిగినా మాత్రం ఆగకు."

చిన్నకోడలు పాప చొక్కా కిందికి దించి సర్దింది.

"చూశావా, వాన తగ్గింది," అన్నారు బావగారు.

కిటికీ అవతల కుండపోతగా కురుస్తూనే ఉంది. ఆయన కుందేటికి మూడే కాళ్ళు.

"గుమ్మంలో అసహ్యంగా ఉంది, తీసి షోకేసులో పెడతా," అంటూ లేచారు.

"అది ఇక్కడే ఉంటుంది. అద్దం ముందు తమరు నిలబడండి బావగారూ. ఇద్దరు కనిపిస్తారు, ఇంట్లో తెలివి రెట్టింపవుతుంది."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి తప్పుకుంది. బావగారు మళ్ళీ సోఫాలో కూర్చుని, మొహం కిందికి దించి ఫోను చూసుకున్నారు. రౌటరు గుమ్మంలో ఉన్నా గీతలు అక్కడా నిండుగానే ఉన్నాయి. ఆ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు.